నలభై స్పోకుల చక్రం

ఇబ్రహీంపట్నం,
10 జూన్ 2024.

ప్రియమైన ప్రభుదాస్ అన్నకు, చెల్లెలు రూతు వందనాలు.

నిన్న నీకు ఫోన్ చేసి గట్టిగా అరిచాను. మా వీధిలో అందరూ విన్నారు, నువ్వు తప్ప. చెవి మిషన్ కొనిపెట్టి రెండేళ్లయింది. అది బీరువాలో బైబిలు పక్కన భద్రంగా ఉందని మరియ వదిన చెప్పింది. అందుకే మళ్లీ ఉత్తరాలకు దిగాను. బస్సెక్కితే గంటలో వచ్చే పెద్ద అంబర్‌పేట్‌కు ఉత్తరమేమిటని పోస్టుమ్యాన్ అడిగాడు. నీ చెవుల సంగతి చెప్పాను. జాలిపడ్డాడు, నీ మీద కాదు.

విషయం ఏమిటంటే, నా సైకిల్‌కు చక్రాలు మార్పిద్దామనుకుంటున్నాను. ఈ నెలలో ఐదు స్పోకులు తెగాయి. రిమ్ములు తుప్పు పట్టి, బ్రేకు పట్టినప్పుడల్లా ఎర్రటి పొడి రాలుతోంది. మొన్న టీకాల డబ్బా పెట్టుకుని సబ్‌సెంటర్‌కు పోతుంటే వెనక చక్రం ఎంత వంకర తిరిగిందంటే, వెనక వచ్చే ఆటో అతను నేను తాగి ఉన్నాననుకున్నాడు. నర్సమ్మనని గుర్తుపట్టాక ఏమీ అనలేదు. కానీ దూరంగా జరిగి పోయాడు.

కొత్త సైకిల్ కొనుక్కోమంటున్నారు అందరూ. కొత్త సైకిళ్లన్నీ రెండు కాళ్లూ సమానంగా ఉన్నవాళ్ల కోసమే చేస్తున్నారు. నా ఎడమ కాలు మూడంగుళాలు పొట్టి అని కొలిచి, ఎడమ పెడల్ కడ్డీ కోసి మళ్లీ అతికించి, నడిమి పైపు కిందికి వంచి, నా ఒక్కదాని కోసం సైకిల్ కట్టినవాడివి నువ్వొక్కడివే. ముప్పై ఏళ్లలో ఆ ఫ్రేముకు ఒక్క అతుకు ఊడలేదు. కాబట్టి ఫ్రేము ఉంటుంది, చక్రాలు పోతాయి.

మరో సంగతి. అక్టోబర్ ఇరవై, ఆదివారం, మన చర్చి యాభయ్యేళ్ల జూబ్లీ. నువ్వు వచ్చి సైకిల్ సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారి కోరిక. సైకిల్‌కు దండ వేసి వేదిక పక్కనే నిలబెడతారట. నీ సాక్ష్యం రానివాళ్లు సంఘంలో లేరు. చెల్లెలి చదువు కోసం సైకిల్ కట్టావు, చక్రాలు లేక నెల రోజులు ప్రార్థన చేశావు, జల్‌పల్లిలో పాత ఇనుప సామాన్ల కుప్పలో దేవుడు నీకు రెండు చక్రాలు చూపించాడు. 'రెండు చక్రాలు' అనే చోట ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం ఆనవాయితీ. ఆ వేళకు సైకిల్ కాస్త నిటారుగా నడిస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

ఎట్లాంటి రిమ్ములు వేయించాలో రాయి.

నీ చెల్లెలు,
రూతు

*

పెద్ద అంబర్‌పేట్,
18 జూన్.

చెల్లె రూతుకు, ప్రభువు నామమున అన్న దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. మేము క్షేమం. మరియకు మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది.

చక్రాలు మార్చవద్దు. రంగు వేయించు. రంగుతో చాలా సంగతులు సర్దుకుంటాయి. నేను ముప్పై ఐదేళ్లుగా గేట్లూ గ్రిల్లులూ చేస్తున్నవాణ్ని, ఇనుము గురించి నాకు తెలుసు. పాత ఇనుముకు ఉన్న బలం ఇప్పటి అల్యూమినియం రిమ్ములకు లేదు, అవి అప్పడాల లెక్క ఉంటాయి. పైగా దేవుడు ఇచ్చిన చక్రాలను మనిషి మార్చవచ్చునా అని మూడు రోజులు ఆలోచించాను. మార్చకూడదనే తోచింది. దీనికి వాక్యం వెతుకుతున్నాను. దొరకగానే రాస్తాను.

స్పోకులు తెగితే స్పోకులే వేయించు. హబ్బు జోలికి పోనివ్వకు. హబ్బుకు గ్రీజు పెట్టేది నేను. పెళ్లయి ఇక్కడికి వచ్చేసినా ఏటా డిసెంబరులో వచ్చి నా చేత్తోనే హబ్బుకు గ్రీజు పెడుతున్నాను కదా. వేరేవాళ్లు హబ్బు విప్పితే లోపలి గోళీలు పోతాయి. హబ్బు బాగుంటే చక్రం బాగున్నట్టే. రిమ్ము తుప్పు పట్టినా హబ్బుకు ఏమీ కాదు. హబ్బు నాకు వదిలెయ్యి.

జూబ్లీ సంగతి, ఒంట్లో బాగుంటే చూద్దాం.

అన్న,
ప్రభుదాస్

*

ఇబ్రహీంపట్నం,
1 జులై.

అన్నా,

నీ ఉత్తరంలో హబ్బు అనే మాట ఏడుసార్లు ఉంది. నా ఆరోగ్యం గురించి ఒక్కసారి కూడా లేదు. నేను బాగానే ఉన్నాను.

చక్రాలు మార్చేవాడు దొరికాడు. ఆదివారం పొద్దున సాగర్ రోడ్డు మీద పట్నం నుంచి సైకిళ్ల మీద వస్తారు చూడు, ఒంటికి అతుక్కుపోయే బట్టలు వేసుకుని, వాళ్లందరి చక్రాలూ మన్నెగూడలో ఒకతను చేస్తాడు. ఆ దుకాణం ముందు నుంచి నేను ఎన్నోసార్లు బస్సులో పోయాను, బోర్డు చదవలేదు. 'చక్రాల కిష్టా సైకిల్ వర్క్స్' అని ఉంది. అవును, ఆ కిష్టానే.

నువ్వు మరిచిపోయి ఉంటావేమో. నేను నర్సు ట్రైనింగ్‌లో చేరిన ఏడు, బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ల దుకాణంలో పనిచేసేవాడు. లెక్కల మహేశ్వర్ సార్ తన కొత్త సైకిల్ పంక్చర్‌కు ఇస్తే చక్రాలు రెండూ మాయమయ్యాయి. కిష్టానే అమ్ముకున్నాడని పంచాయతీ ఆఫీసు ముందు పొద్దు గూకేదాకా నిలబెట్టారు. చక్రాల కిష్టా అనే పేరు అప్పుడు పెట్టిందే. ఊరు విడిచి పోయి, సికింద్రాబాద్‌లో పని నేర్చుకుని, పదేళ్ల కింద మన్నెగూడలో దుకాణం పెట్టాడట. ఆ పేరే ఎందుకు పెట్టుకున్నావని అడిగాను.

"అందరికీ ఎరికైన పేరు గదే నర్సక్కా. కొత్త పేరు పెడితే ఎవలు గుర్తువడ్తరు?" అన్నాడు.

సైకిల్‌ను చుట్టూ తిరిగి చూశాడు. ఫ్రేము ఎవరు కట్టారని అడిగాడు. మా అన్న అన్నాను. "మస్తు జేసిండు" అన్నాడు. నీ అతుకుల మీద వేలు పెట్టి రాసి మరీ చూశాడు. నీ పనిని అంత మర్యాదగా చూసినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు, మన సంఘంలో కూడా.

ఆయన చెప్పేది ఏమంటే, పాతకాలం వెనక చక్రానికి నలభై స్పోకులు ఉంటాయి, ఇప్పుడు నలభై తూట్ల అల్యూమినియం రిమ్ము దొరకదు. ముప్పై ఆరే వస్తుంది. కాబట్టి చక్రం నడుమ స్పోకులన్నీ వచ్చి కలిసే ఆ గొట్టం, అంటే నీ హబ్బు, అది కూడా మార్చాలి. పాత కడ్డీ బ్రేకులు కూడా కొత్త రిమ్ముకు అందవట, వైరు బ్రేకులు పెడతాడు. పాత హబ్బును పారేయకుండా శుభ్రం చేసి ఇస్తానన్నాడు. "గిసొంటి ఉక్కు ఇప్పుడు రాదు, గుర్తుకు ఉంచుకోండ్రి" అన్నాడు.

సైకిల్ అక్కడే వదిలి వచ్చాను.

రూతు

*

పెద్ద అంబర్‌పేట్,
8 జులై.

చెల్లె రూతుకు దీవెనలు.

సైకిల్‌ను మన్నెగూడ నుంచి వెంటనే తెప్పించు. నాకు తెలిసినవాళ్ల డీసీఎం వ్యాను గురువారం అటు పోతోంది, అందులో వేసి నా దగ్గరికి పంపు. చక్రాలు నేనే మారుస్తాను. అల్యూమినియం గురించి నేను మొదట తొందరపడ్డాను. తర్వాత కనుక్కుంటే మంచిదే అన్నారు.

కిష్టా మంచివాడు కాదని నేను అనడం లేదు. అట్లా అనే హక్కు ఎవరికీ లేదు. పని వచ్చినవాడే అయి ఉంటాడు. అయినా అంత మంది గిరాకీ ఉన్నవాడికి మన పాత సైకిల్ ఇచ్చి ఇబ్బంది పెట్టడమెందుకని నా బాధ.

అతను ఎట్లా ఉన్నాడు? వెంట్రుకలు తెల్లబడ్డాయా? పిల్లలెంతమంది? నా గురించి అతుకులు కాక ఇంకేమైనా అడిగాడా? ఊరికే అడుగుతున్నాను.

మీ సబ్‌సెంటర్‌కు వచ్చే కృపారాణి సిస్టర్ ఇటు వచ్చింది, ఆమె చేత ఒక గ్రీజు డబ్బా పంపుతున్నాను. హబ్బు ఇంకా విప్పకపోతే విప్పవద్దని చెప్పి, ఈ గ్రీజు పైపైన పెట్టమను.

ప్రభుదాస్

*

ఇబ్రహీంపట్నం,
29 జులై.

అన్నా,

గ్రీజు డబ్బా అందింది. ఆలస్యమైంది.

నీ హబ్బు నల్లగా ఉండేది కదా. అది దాని రంగే అనుకున్నాను. కిరోసిన్‌లో నానబెడితే ఆ నలుపంతా దిగిపోయిందట. తారు. దాని కింద ఉక్కు కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది. దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నాయి. 'కె. మహేశ్వర్, లెక్కల ఉపాధ్యాయుడు'.

సార్ సంగతి నీకు తెలుసు. గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు ఊళ్లోకి వస్తే మనమంతా గిన్నెలు పట్టుకుపోయేవాళ్లం, సార్ మాత్రం ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకుపోయేవాడు. గొడుగు పిడి మీద పేరు, టిఫిన్ డబ్బా మూత మీద పేరు, మూత పోతే ఎట్లా అని అడుగున పేరు. సైకిల్ హబ్బు మీద కూడా కొట్టించుకున్నాడని మాత్రం ఎవరికీ చెప్పినట్టు లేదు. సార్ పోయి ఎనిమిదేళ్లయింది, లేకపోతే ఆయననే అడిగేదాన్ని.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. జల్‌పల్లి ఇనుప కుప్పలో దేవుడు చూపించిన చక్రం మీద మహేశ్వర్ సార్ పేరు ఎట్లా వచ్చింది? తారు ఎవరు పూశారు?

రూతు

*

పెద్ద అంబర్‌పేట్,
6 ఆగస్టు.

చెల్లె రూతుకు దీవెనలు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఔటర్ రింగు రోడ్డు కింద నీళ్లు నిలిచి రెండు రోజులు దుకాణం తెరవలేదు. మరియ బీరకాయ పాదు పెట్టింది. పూత బాగుంది.

నీ ఉత్తరం అందింది. కొన్ని మాటలు సరిగా కనిపించలేదు. కళ్లద్దాలు మార్చుకోవాలి.

ప్రభుదాస్

*

ఇబ్రహీంపట్నం,
14 ఆగస్టు.

అన్నా,

నీకు ఇప్పుడు కళ్లు కూడా పోయాయని తెలిసి విచారించాను. అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. బీరకాయలు కాస్తే పంపమను.

ఆ హబ్బు చూపించినప్పుడు కిష్టా ఏమన్నాడో నువ్వు అడగలేదు. చెబుతాను. స్టూలు తుడిచి నన్ను కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగాడు. తర్వాత హబ్బును పాత పేపరులోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

"నర్సక్కా, గిది చదువుండ్రి. నేను చదివింది తప్పా అని నాలుగు దినాలసంది చూస్తున్న" అన్నాడు.

నేను చదివాను. "నాకు తెల్వదు కిష్టా" అని మాత్రం అన్నాను.

"నాకెరికే. మీరప్పుడు పద్దెనిమిదేండ్ల పిల్ల. మీకెట్ల తెలుస్తది? మా అత్తగారింట్ల మా బిడ్డ పుట్టిన దినం వానల మీరు గీ సైకిల్ మీదనే వచ్చిండ్రు. చక్రానికి బురద వట్టుకుంటే నేనే కడిగిన. గీ చక్రమే కడిగిన" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు బయట ఉన్న ఒక సైకిల్ గొలుసుకు నూనె వేస్తూ ఉండిపోయాడు. దానికి అప్పటికే నూనె ఉంది.

మిగతాది నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆ రోజు దుకాణం తెరిచిపెట్టి మధ్యాహ్నం బువ్వకు ఇంటికి పోయాడట. దుకాణంలో ఎవరూ లేరని గుర్తొచ్చి రెండు ముద్దలు తిని లేచాడు. వచ్చేసరికి చక్రాలు లేవు. అట్లా సగంలో లేచిపోవడం వల్లనే వాళ్లమ్మ రుక్మాబాయి కూడా వాణ్నే దొంగ అనుకుంది. దాచిపెట్టడానికే ఉరికాడనుకుంది. పంచాయతీ ఆఫీసు ముందు నిలబెట్టిన సాయంత్రం అందరి ముందూ ఒట్టు పెట్టింది. "నా చేతి బువ్వ నీకు లేదు. చక్రాలు తెచ్చినంక రా" అని.

అన్నా, ఆమె బతికే ఉంది. ఎనభై రెండేళ్లు. మా వీధికి నాలుగో వీధి. కిష్టా రమ్మంటే రాదు, ఒక్కతే వండుకుంటుంది. వాడు ప్రతి ఆదివారం వస్తాడు. వాడొస్తాడని పొద్దున్నే వండుతుంది. కానీ వడ్డించదు. గిన్నె నడుమ పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. వాడే పెట్టుకుని తింటాడు. పోయేటప్పుడు అడుగుతుందట, "రెండు చక్రాలు ఏడ వెట్టినవ్ రా" అని. ముప్పై ఏళ్లుగా ఇదే.

ఏటా డిసెంబరులో నువ్వు గ్రీజు డబ్బా పట్టుకుని బస్సు దిగితే, ఇట్లాంటి అన్న ఎవరికున్నాడని నేను పది మందికి చెప్పుకున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు గ్రీజు కోసం వచ్చేవాడివా, తారు కోసమా?

రూతు

*

పెద్ద అంబర్‌పేట్,
30 ఆగస్టు.

రూతూ,

కళ్లద్దాలు బాగానే ఉన్నాయి.

1994 జులై. ఫ్రేము అయిపోయింది, చక్రాలకు గతి లేదు. రెండు ఇటుకల మీద నిలబెట్టాను. నువ్వు రోజూ పొద్దున దాని మీద కూర్చుని పెడళ్లు తొక్కేదానివి. దిగి, "అన్నా, ట్రైనింగ్‌కు పోయి వచ్చిన" అనేదానివి. నేను ప్రార్థన చేసిన మాట నిజం. నెల రోజులు చేసిన మాటా నిజం. సాక్ష్యంలో అక్కడిదాకా ఒక్క అబద్ధం లేదు.

ఒక మధ్యాహ్నం కిరాయి సైకిళ్ల దుకాణం ముందు నుంచి పోతున్నాను. సార్ సైకిల్ తలకిందులుగా ఉంది. రెండు చక్రాలూ విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. మనిషి లేడు. గోనెసంచి పక్కనే ఉంది. నేను ఏదీ విప్పలేదు. విప్పి ఉన్నవాటిని ఎత్తుకున్నాను. ఈ తేడా పట్టుకునే ముప్పై ఏళ్లు బతికాను. చక్రాలు విప్పించి, మనిషిని పక్కకు పంపి, సంచి కూడా పెట్టి, ఇదంతా నా కోసం చేసింది దేవుడు కాక ఎవరని ఆ క్షణం నిజంగానే అనిపించింది. అది దేవుడు కాదు, కిష్టా ఆకలి అని సాయంత్రానికే తెలిసింది. వాణ్ని నిలబెట్టినప్పుడు నేను గుంపులో మూడో వరుసలో ఉన్నాను. రుక్మాబాయి ఒట్టు పెట్టింది కూడా విన్నాను. అప్పుడు నా చెవులు బాగుండేవి.

మరుసటి రోజు చెబుదామనుకున్నాను. మరుసటి రోజు నువ్వు సైకిల్ ఎక్కావు.

పేరు తర్వాత కనబడింది. ఆకురాయి పెడదామంటే స్పోకుల మధ్య పట్టలేదు. చక్రం మొత్తం ఊడదీసి మళ్లీ అల్లడం నాకు రాదు, ఇప్పటికీ రాదు. నేనే మారుస్తానని మొన్న రాసింది అబద్ధం. తారు పూశాను. మన ఎండలకు తారు కారిపోతుంది. అందుకని ఏటా.

గ్రీజు కోసమా తారు కోసమా అని అడిగావు. రెండింటికీ వచ్చాను. తారు పూయడానికి పది నిమిషాలు చాలు. నేను మీ ఇంట్లో రెండు రోజులు ఉండేవాణ్ని.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. జూబ్లీలో అందరి ముందు ఒప్పుకుంటాను. రాసిపెట్టాను కూడా. నలభై నిమిషాలు వస్తోంది. సంఘం కన్నీళ్లు పెట్టుకునే చోట్లు మూడు ఉన్నాయి. పాస్టరుగారికి చెప్పి మైకు సంగతి చూడు.

ప్రభుదాస్

*

ఇబ్రహీంపట్నం,
9 సెప్టెంబర్.

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి మైకు దగ్గర ఆగిపోయాను. చేసిన దొంగతనంతో ముప్పై ఏళ్లు సాక్ష్యం చెప్పావు, ఇప్పుడు దాన్ని ఒప్పుకోవడంతో ఇంకొకటి తయారు చేశావు.

నాకు నీ మీద కోపంగా ఉంది. ఆ చక్రాల మీద నేను ఎన్ని కాన్పులకు పోయానో లెక్క లేదు. ఏ ఇంటికి పోయినా కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. అదే ఊళ్లో అవే చక్రాల కోసం కిష్టాకు నిలబడే చోటు లేకుండా పోయింది. నా బతుకు వాడి బతుకు మీద నడిచింది. ఇది తెలిశాక కూడా నీ మీద ప్రేమ పోవడం లేదు. అందుకు ఇంకా కోపంగా ఉంది.

నీ ఉత్తరం కిష్టాకు చదివి వినిపించాను. జూబ్లీ దాకా విని చేయి అడ్డం పెట్టాడు.

"చర్చిల చెప్తే మీ వాళ్లకు తెలుస్తది. నాకు మీ వాళ్లతోని పనేంది నర్సక్కా? నన్ను దొంగన్నది మీ సంఘం గాదు. మా అవ్వకు చెప్పుమను" అన్నాడు.

ఉత్తరం రాసి పంపితే నేను చదివి వినిపిస్తాననుకోకు. కిష్టా అది కూడా వద్దన్నాడు. నువ్వే వచ్చి, నీ నోటితో చెప్పాలి. ఇంకొక సంగతి ముందే తెలుసుకో. రుక్మాబాయికి కూడా చెవులు వినపడవు. నీకంటే నయం, కానీ పక్కన కూర్చుని మామూలుగా చెబితే అందదు. ఆ వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ. నువ్వు ఎంత గట్టిగా చెప్పాల్సి వస్తుందో ఆలోచించుకుని బయల్దేరు.

మైకు అక్కర్లేదు.

రూతు

*

పెద్ద అంబర్‌పేట్,
21 సెప్టెంబర్.

రూతూ,

ఇరవై తొమ్మిదో తేదీ ఆదివారం పదిన్నర బస్సుకు వస్తాను. ఆ రోజు కిష్టా అక్కడ ఉంటాడని రాశావు కదా. హబ్బును అక్కడికి తెప్పించు.

నలభై నిమిషాల కాగితాలు మరియకు ఇచ్చాను. పొయ్యిలో పెట్టింది. చెప్పాల్సింది ఒకటే మాట ఉందని తనూ అన్నది. అద్దం ముందు నిలబడి ఆ మాట గట్టిగా అని చూశాను. పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగారట. నాకు వినపడలేదు.

నాకు భయంగా ఉంది. యాభై ఆరేళ్లవాణ్ని, సంఘపెద్దను, ఎనభై రెండేళ్ల ముసలామె ముందు నిలబడటానికి భయంగా ఉంది.

చెవి మిషన్ బయటికి తీశాను. బ్యాటరీ పోయింది.

ప్రభుదాస్

*

ఇబ్రహీంపట్నం,
1 అక్టోబర్.

అన్నా,

ఆదివారం నువ్వు చేతులు జోడించి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పోయి బస్సెక్కావు. వెనక నుంచి నేను పిలిచాను, కిష్టా పిలిచాడు, చివరికి రుక్మాబాయి కూడా పిలిచింది. నీకు ఏదీ వినపడలేదు. అందుకని నువ్వు పోయాక జరిగింది రాస్తున్నాను.

నువ్వు "మహేశ్వర్ సార్ చక్రాలు తీసింది నేను, కిష్టా గాదు" అని మూడుసార్లు అరిచావు. మొదటిసారికి ఆ వీధి బయటికి వచ్చింది. రెండోసారికి మా వీధి కూడా వచ్చింది. కరెంటు స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ కిందికి దిగి విన్నాడు. రుక్మాబాయి మొదటిసారే విన్నది. మిగతా రెండుసార్లు నీ ముఖం చూస్తూ ఊరుకుంది.

నువ్వు ఆమె ఒళ్లో పెట్టిన హబ్బును చాలాసేపు తడుముతూ కూర్చుంది. చదువు రాదు కదా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి జరిపింది. నువ్వు పోయింది అప్పుడే. నువ్వు సందు తిరిగాక తలెత్తి కిష్టాను అడిగింది.

"గా దినం రెండు ముద్దలు తిని ఎందుకు లేచినవ్ రా?"

"దుకాణం తెరిచిపెట్టి వచ్చిననే అవ్వా."

"గట్లని అప్పుడే చెప్పద్దా?"

"చెప్పిన."

ఆమె హబ్బును ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత, "అవ్, చెప్పినవ్" అన్నది. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లలో ఆమె ఏడవగా చూడలేదని పక్కింటి ఆమె నాతో అన్నది.

లేచి, గోడ పట్టుకుంటూ పోయి చేతులు కడుక్కుంది. పళ్లెం కూడా మళ్లీ కడిగింది. గిన్నెలోంచి బువ్వ తన చేత్తో తీసి పళ్లెంలో వేసింది, పప్పు పోసింది. పళ్లెం కిష్టా ముందు పెట్టి ఎదురుగా కూర్చుని, "గీసారి లేవకు" అన్నది. వాడు తిన్నాడు. ఆమె ఇంకా పెట్టింది, వాడు ఇంకా తిన్నాడు. కన్నీళ్లు పళ్లెంలో పడుతుంటే తుడుచుకోవడానికి కూడా చేయి ఖాళీ లేకుండా తిన్నాడు. నాకు కూడా పెట్టింది. అక్కడ వాకిట్లో నిలబడ్డవాళ్లంతా చూశారు. వాళ్లలో ఎంతమంది ఆ రోజు గుంపులో ఉన్నారో నువ్వే చెప్పాలి.

తర్వాత నీ గురించి అడిగింది. "గా చెవిటాయన ఏడి? తినకుండనే పాయెనా?" అన్నది. నీకు భయమైందని చెప్పాను. "భయం ఉండాలె. బువ్వ గూడ తినాలె" అన్నది. నిన్ను క్షమించిందని నేను రాయను, ఆమె ఆ మాట అనలేదు. నీ పళ్లెం మాత్రం తీసి పక్కన పెట్టింది.

హబ్బు ఆమె దగ్గరే ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. ఆయన ఇల్లు మూడు వీధులవతల, అయినా విన్నారట. జూబ్లీలో ప్రభుదాస్ సాక్ష్యం ఉంటుందా అని మొహమాటంగా అడిగారు. అయిపోయిందని చెప్పాను. సైకిల్‌కు దండ కూడా వద్దన్నాను.

సైకిల్ నిన్న తెచ్చుకున్నాను. రెండు చక్రాలూ కిష్టా తన చేత్తో అల్లాడు. తిప్పి వదిలితే ఎంతసేపటికీ ఆగడం లేదు, ఏ పక్కకూ ఊగడం లేదు. నీ ఫ్రేము మీద అవి చాలా బాగున్నాయి. ఈ మాట చెప్పకూడదని అనుకున్నాను గానీ బాగున్నాయి. ఈ రోజు సబ్‌సెంటర్‌కు దాని మీదే పోయాను. దారిలో రెండుచోట్ల దిగి నిలబడ్డాను. సైకిల్ తప్పేమీ లేదు.

చెవి మిషన్‌లో బ్యాటరీ వేయించుకో. రుక్మాబాయి ఈసారి ఏమంటుందో నువ్వే వినాలి, నేను రాయను.

కొత్త హబ్బు మూసిపెట్టిన రకం, దానికి ఎన్నటికీ గ్రీజు అక్కర్లేదని కిష్టా చెప్పాడు. అయినా డిసెంబర్‌లో రా.

రూతు